ఏడ్చువారి నేడ్వనిండు

జగ్గయ్యపేట నుండి నందిగామకు వచ్చు బాటకు రెండు వైపులను ప్రత్తిచేలును, మిరపతోటలును గానవచ్చును. సాగరు ఎడమకాలువ నీరు కొన్ని పొలములకు అందినను, ఈ మెట్టసీమలో ననేక కుటుంబములకు నేటికిని వానయే యాధారము, అప్పే పెట్టుబడి. పంట పోయిన యేట, చేనికి కొట్టుటకు దెచ్చిన పురుగుల మందే యింటి యజమానుని ప్రాణము దీసిన యిండ్లను మే మెఱుగుదుము. అట్టి యొక యింటి యిల్లాలి యొద్దకు మూడవనాడు ప్రార్థనకూటము వారు వచ్చిరి. అన్నము వండి తెచ్చిరి. పిల్లలకు తలలు దువ్విరి. అంతవఱకు వారు చేసినదంతయు క్రీస్తు చేయుమన్న పనియే. పిమ్మట వారిలో పెద్దయైన యొకరు, “అమ్మా, ఇక నేడ్వవద్దు. విశ్వాసులు ఏడ్వరాదు. నీ విశ్వాసము గట్టిదైనచో నీకీ దుఃఖము వచ్చియుండునా?” యనిరి. ఆమె యేడ్పు మానెను. దానితోపాటు నిద్రయు మానెను, తిండియు మానెను. వైద్యుడిచ్చిన మాత్రలు మ్రింగుట దేవుని శంకించుటయే యని మఱియొకరు చెప్పగా, ఆ మాత్రలను దీసి చూరులో చెక్కెను.

మేము వాదింపబూనినది ఈ మాటతోడనే గాని ఆ విశ్వాసముతోడ గాదు. క్రైస్తవ విశ్వాసము మనోవ్యథను మాన్పగలదని మేము నమ్ముదుము. కావుననే, ఆ విశ్వాసము పేర గాయమును రేపుచున్న బోధ మాకు సహింపరానిదిగా నున్నది.

దుఃఖించుట యవిశ్వాసమని చెప్పువారు తమ చేతనున్న గ్రంథమును చదివిరా? యోబు బిడ్డలను గోల్పోయి బూడిదలో గూర్చుండగా మిత్రులు వచ్చి యేడు దినములు మాటాడక అతని ప్రక్కన నేలపై గూర్చుండిరి. వారు చేసిన మేలంతయు ఆ యేడు దినములలోనే జరిగినది. నోరు విప్పి, నీవేదో పాపము చేసియుందువని తర్కింపసాగిన తోడనే వారు దారి తప్పిరి. తుదకు దేవుడు మందలించినది వారినే గాని, మొఱలిడిన యోబును గాదు. కీర్తనల గ్రంథములో దాదాపు మూడింట నొకవంతు విలాపములే. లాజరును బ్రతికింపబోవుచున్నానని యెఱిగియు యేసు అతని సమాధి యొద్ద కన్నీరు విడిచెను. గెత్సేమనే తోటలో తన వేదన వేళ మేలుకొని తోడుండుడని శిష్యులను వేడుకొనెను. పుట్టుగ్రుడ్డిని జూపి యిది యెవరి పాప ఫలమని వారడిగినపుడు, వాని పాపమును గాదు, తలిదండ్రుల పాపమును గాదని త్రోసివేసెను. గురువు త్రోసివేసిన ప్రశ్నను శిష్యులు మూడవనాటి విధవరాలి గుమ్మమున మరల నడుగుట యే న్యాయము?

ఇక మందుల మాట. దొంగలచేత గాయపడి దారిలో బడియున్నవానిని జూచిన సమరయుడు ప్రార్థించి సాగిపోలేదు. నూనెయు, ద్రాక్షారసమును బోసి గాయములు కట్టెను. తన వాహనముపై నెక్కించి పూటకూళ్ల యింటికి జేర్చెను. మఱునాడు రెండు నాణెము లిచ్చి, ఇంకను ఖర్చయినచో మరలి వచ్చునపుడు దీర్తుననెను. చికిత్సయు, వసతియు, వ్యయమును గలిసినదే ఆ కథలోని ప్రేమ. ఈ మతమువారే గదా మనదేశమున నూరుల యందు వైద్యశాలలు గట్టినది! కృష్ణకు ఆవలియొడ్డున గుంటూరునకు 1883లో వచ్చిన వైద్యురాలు అన్నా కుగ్లర్ శ్రమ ఫలముగా 1898లో అచట స్త్రీల వైద్యశాల వెలసినది. వేలూరులో 1900లో ఐడా స్కడ్డర్ ఆరంభించిన చిన్న చికిత్సాలయము నేడు మహావైద్యసంస్థయై యున్నది. మాత్ర మ్రింగుట యవిశ్వాసమైనచో వీరందఱు అవిశ్వాసులే కావలయును. జ్వరమునకు మందు తిన్నవానిని నిందింపనివారు, మనసునకు మందు తిన్నవానిని మాత్రమేల నిందింపవలె?

విశ్వాసము నిజముగా నెట్లు మాన్పునో చూపుటకు దూరదేశపు దృష్టాంతము లక్కఱలేదు. ఈ నందిగామ ప్రాంతపు రాఘవాపురమే చాలును. అచటి మాలపల్లె పెద్ద పగోలు వెంకయ్య. విగ్రహములయందు నమ్మకము పోయి, నిజమైన దేవుడెవడో తెలియక, “నీ వెవరవు, ఎచట నున్నావు, నాకు గానరమ్ము” అను భావముతో ఏండ్ల తరబడి మొఱపెట్టుకొనెననియు, బెజవాడలో కృష్ణాస్నానమునకు వచ్చినవారి నడుగగా నొక బ్రాహ్మణుడు మిషనరీ యున్న చోటు జూపెననియు చెప్పుకొందురు. 1859లో చర్చి మిషనరీ సంఘపు తామస్ డార్లింగ్ అతనికి బాప్తిస్మమిచ్చెను. కృష్ణా మెట్టలో మాలలు సమూహములుగా క్రైస్తవులగుట కది నాంది.

ఈ చరిత్రలో రెండు సంగతులు గమనింపుడు. వెంకయ్య ప్రార్థన నిశ్చయము గాదు, ప్రశ్న. “నీకు విశ్వాసము చాలద”ని ఆనాడెవరైన నతని నోరు మూయించియున్నచో ఆ ప్రశ్న ఆనాడే చచ్చియుండును. రెండవది, అతనికి గలిగిన స్వస్థత యొంటరిది గాదు. బంధువులు వెంట వచ్చిరి, సంఘమేర్పడినది, బడి వచ్చినది, అక్షరము వచ్చినది. నీడ సోకిన మైలయని యూరు వెలివేసినవానిని సోదరా యని పిలుచువారు దొరకిరి. తరతరముల యవమానమున కంతకు మించిన యౌషధమేది? ఆ పిలుపు నేటికిని అన్ని గుడులలో పూర్తిగా నెఱవేరలేదు. శ్మశానములో సయితము కులమును వెదకు క్రైస్తవులు గలరు. ఇట్టివారు తమ సభలలో స్వస్థతను గూర్చి యుపన్యసించుటకు ముందు, తాము చేయుచున్న గాయమును జూచుకొందురు గాక.

చదువరులలో హేతువాదులు కొందఱు, “మతమంతయు మత్తుమందే, దీనిలో మంచిచెడ్డల నెంచనేల?” యందురు. వారికి మా విన్నప మిది: ఆ యింటికి మూడవనాడు అన్నము దెచ్చిన దెవరు? ఉపన్యాసకులు గారు; ప్రార్థనకూటపు కూలిస్త్రీలే. దుఃఖమునకు మాట యిచ్చుట, ఆ మాట వినుటకు మనుష్యుల నిచ్చుట, వారమువారము మరల వచ్చుట, ఇవి మత్తు గావు, వైద్యములో నొక భాగము. అయితే భాగమును సమస్తమని చెప్పుటయే మేము ఖండించునది.

మన దేశమున 2015–16 జాతీయ మానసికారోగ్య సర్వే ప్రకారము, వయోజనులలో నూటికి 10 మందికి పైగా ఏదో యొక మానసిక వ్యాధితో నుండిరి. వ్యాధిని బట్టి వారిలో నూటికి 70 నుండి 92 మందికి చికిత్స యందలేదు. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము, ప్రాణము దీసికొన యత్నించినవానిని తీవ్రమైన మనోవ్యథలో నున్నవానిగా నెంచి, దండింపక సంరక్షింపుమనుచున్నది. చట్టమే యింత కరుణ జూపగా, అట్టి మృతునికి సమాధి ప్రార్థన చేయుటకు సందేహించు బోధకు డుండుట యెంత సిగ్గు! రాజదండముకంటె వేదిక కఠినము గారాదు.

కావున మేము కోరున దింతే. సంఘపెద్దలారా, మందు మానుమని యెవ్వరికిని జెప్పకుడు; ఆదివారపు ప్రకటనలలో 14416 అను టెలీమానస్ సంఖ్యను గూడ జదువుడు. 2022 అక్టోబరు 10న ఆరంభమైన ఆ సేవ యుచితమే, తెలుగులోను మాటాడవచ్చును. గృహిణులారా, దుఃఖితుల యింటికి బోవునపుడు సమాధానములు మోసికొని పోకుడు, అన్నము కొనిపొండు. మూడవనాడు వచ్చినవారు మూడవ నెలలోను రండు. అప్పు లెక్క చూచుటకు, పిల్లను బడికి బంపుటకు, ఆసుపత్రికి తోడు పోవుటకు నొక మనిషిని నియమింపుడు.

మేము చెప్పిన యిల్లాలి చూరులో నా మాత్రలు ఇంకను ఉన్నవి. ఆమె నేడ్వనిండు, పిమ్మట గుక్కెడు నీళ్లిచ్చి, ఆ మాత్రను మీ చేతితోనే దీసి యిండు. అదియు ప్రార్థనయే.