గండికోట దారి – మలుపు శత్రువా, మిత్రమా?



మొన్న సెలవులకు బెంగుళూరు నుండి మా మనుమడు వచ్చాడు. వచ్చిన మఱునాడే “తాతా, గండికోట చూసొద్దాం” అని పట్టుబట్టాడు. బ్రహ్మంగారిమఠం నుండి మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా కారులో వెళ్ళాము. బడిపంతులుగా ఉన్న రోజులలో పిల్లలను వెంటబెట్టుకొని ఆ కోటకు పలుమార్లు వెళ్ళినవాణ్ణి. అప్పట్లో జమ్మలమడుగు దాటితే ఎదురయ్యేవి ఎద్దులబండ్లు, మేకలమందలు. ఈసారి వెళ్ళినది ఆదివారం. ఒకదానిని మించి ఒకటి పరుగెత్తే మోటారుసైకిళ్ళు, కార్లు!

కోట సమీపంలో కట్టెలమోపుతో ఒక ముసలమ్మ దారి దాటుతున్నది. మలుపులో నుండి ఒక మోటారుసైకిలు దూసుకువచ్చింది. ఆమె వెనుకకు తూలింది, మోపు క్రింద పడింది, ప్రాణం మిగిలింది. బండి ఆగలేదు. మేము దిగి కట్టెలు ఏరి ఇస్తుంటే ఆమె అన్నమాట ఇది: “ఆదివారమొచ్చిందంటే దావ దాటేదానికి బయమైతాంది నాయనా.”

ఆ మాట నన్ను వదలలేదు. గండికోట మనకు విహారస్థలం, ఆమెకు ఊరు. పెన్న ఎఱ్ఱమల కొండలను చీల్చిన గండిని చూడడానికి మనం ఒక పూట వెళతాం. ఆ దారిమీద ఆమె ఏడాది పొడుగునా నడవాలి.

ఇట్టి చోట్ల ప్రమాదమనగానే అందరి నోట వచ్చే సలహా ఒక్కటే: దారి వెడల్పు చేయండి, మలుపులు తీసివేయండి. నాకు ఇది సమ్మతం కాదు. దారి తిన్ననైతే చోదకుని కాలు దానంతట అదే బిగుస్తుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేసిన తరువాత బండి జారే దూరం నాలుగురెట్లు అవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ముసలమ్మకు ముందే ఆగే బండి 60లో ఆమెను దాటిపోయిగాని ఆగదు.

పూర్వులకు ఈ మర్మం తెలుసు. కోటద్వారాల దగ్గర దారిని కావాలనే వంకరలు తిప్పేవారు, శత్రువుల ఏనుగులు, గుఱ్ఱాలు ఒక్క ఊపున దూసుకురాకుండా. 1652లో మీర్ జుమ్లాను కలుసుకోవడానికి గండికోటకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, కొండను తొలిచిన ఆ దారి కొన్నిచోట్ల 7, 8 అడుగుల వెడల్పేనని, ప్రక్కనే భయంకరమైన లోయ ఉన్నదని వ్రాసుకొన్నాడు. ఆనాడు కోటను కాపాడినది ఇరుకుదనమే. ఈనాడు మనుషులను కాపాడడానికీ అదే పనికివస్తుంది.

అలాగని మలుపు ఒక్కటే చాలదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో దిగుతున్న బస్సు లోయలో పడి అఱవైమందికి పైగా మరణించారు. అందులో నూఱుమందికి మించి ఎక్కి ఉన్నారు. కొండదారికి క్రమశిక్షణ కూడా కావాలి. తిరుమలలో 1944లో మొదటి ఘాటు, 1974లో రెండవది వచ్చాయి. ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి. ఇంతకంటె ముందు చేరకూడదని వాహనాలకు కనీస సమయం కూడా నిర్ణయించారు. అంతటి వ్యవస్థ చిన్న ఊరికి అక్కఱలేదు, ఆ బుద్ధి ఉంటే చాలు.

నా మనవి ఇది. యాత్రికుల వాహనాలు కోట వెలుపలనే ఆగాలి. లోపలికి నడక; నడవలేనివారికి బ్యాటరీ బండ్లు. ఊరి సమీపంలో 30 కిలోమీటర్ల హద్దు పెట్టాలి. అది బోర్డుమీది అంకెగా మిగలకుండా గతుకుదిమ్మెలు కట్టాలి, మలుపులలో కుంభాకార దర్పణాలు నిలపాలి. ఇరుకుచోట ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్న నిబంధన మన దేశంలో ఉన్నదే. దానిని చోదకులకు గుర్తుచేయాలి.

“యాత్రికులు రాకపోతే ఆ ఊరివాళ్ళ బేరాలేం కావాలి?” అన్నాడు మనుమడు. న్యాయమైన ప్రశ్నే. కాని కారులో గిఱ్ఱున తిరిగివెళ్ళేవాడు ఊళ్ళో ఏమి కొంటాడు? నడిచేవాడే అంగడి ముందు ఆగి టీ త్రాగుతాడు, బొరుగులు కొంటాడు. ఊరివారి బండ్లకు, 108 వాహనానికి ఎలాగూ అడ్డు ఉండరాదు.

2024లో కేంద్రప్రభుత్వం పర్యాటకాభివృద్ధికి ఎంచిన స్థలాలలో గండికోట ఒకటి. కనుక ఈ మాట ఇప్పుడే అనాలి. దారి వేసిన తరువాత దిమ్మెలు కట్టడం కంటె, వేసేటప్పుడే ముసలమ్మను తలచుకోవడం మేలు.

తిరిగివచ్చేటప్పుడు కారు మనుమడే నడిపాడు. కొండ దిగేదాకా రెండవ గేరు దాటలేదు. నేనేమీ చెప్పలేదు, ఆ కట్టెలమోపే చెప్పింది.