సముద్రంలో చేపకు పట్టా ఎవరిది?

అలాస్కాలో హాలిబట్ అనే చేప ఎవరికెంత దక్కాలన్న తగవు ముప్పై ఏళ్లకు పైగా నడుస్తోంది. ఆ గొడవ మన రైతు సంఘం పత్రికకు ఎందుకని కొందరు అడగవచ్చు. కాలువ నీళ్లలో వాటా, పట్టా ఒకరిది చెమట ఒకరిది అయిన కౌలు సేద్యం, ఉమ్మడి ఆస్తిని అంగడి సరుకుగా మార్చే చట్టాలు. మనం రోజూ కొట్లాడే ఈ మూడూ ఆ ఒక్క చేప చుట్టూ ఉన్నాయి. పైగా అమెరికాలో స్థిరపడ్డ మన ఊళ్ల పిల్లల్లో వేసవి సెలవులకు అలాస్కా వెళ్లేవారున్నారు. అక్కడ రోజుకు ఇంతని డబ్బు కట్టి చార్టర్ బోటు ఎక్కి, గేలం వేసి, పట్టిన చేపతో ఫోటో దిగి ఇంటికి పంపుతారు. డబ్బు కట్టాం కాబట్టి చేప మాది అనుకుంటారు. ఆ లెక్క తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

విత్తనపు చేప

హాలిబట్ పసిఫిక్ మహాసముద్రం అడుగున బతికే బల్లపరుపు చేప. పుట్టినప్పుడు అన్ని చేపల్లాగే తలకు చెరోవైపు కన్ను ఉంటుంది. పెరిగేకొద్దీ ఎడమ కన్ను కుడివైపుకు జరుగుతుంది. ఆడ చేప గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి సుమారు పన్నెండేళ్లు పడుతుంది. యాభై ఏళ్లు బతికినవి, 200 కిలోలు దాటినవి కూడా దొరికాయి. అంత పెద్దగా పెరిగేవి ఆడ చేపలే. అంటే ఫోటో కోసం అందరూ ఆశపడే ఆ భారీ చేప, రైతు భాషలో చెప్పాలంటే, విత్తనాల గాదె.

ఇంత నెమ్మదిగా పెరిగే చేపను ఇష్టం వచ్చినట్టు పడితే మిగలదని వందేళ్ల కిందటే తెలిసింది. 1923లో అమెరికా, కెనడా ఒప్పందం కుదుర్చుకున్నాయి. దాని నుంచి వచ్చిన అంతర్జాతీయ పసిఫిక్ హాలిబట్ కమిషన్ ఏటా సముద్రంలో ఎంత చేప ఉందో అంచనా కట్టి, ఎంతవరకు పట్టవచ్చో పరిమితి పెడుతుంది. అలాస్కా తీరంలో ఎవరికెంత అన్నది అమెరికా వారి ఉత్తర పసిఫిక్ మత్స్య నిర్వహణ మండలి చర్చించి సిఫారసు చేస్తుంది. పంపకం న్యాయంగా, సమంగా ఉండాలని 1982 నాటి హాలిబట్ చట్టం చెబుతోంది. ఆ మాట కాగితం మీద రాయడం తేలికే. అమలులోనే అసలు కథ ఉంది.

వాటాదారులు ఐదుగురు. పొడవాటి తాడుకు వందల గేలాలు కట్టి పట్టి అమ్ముకునే లాంగ్‌లైన్ బోట్లవారు ఒకరు. యాత్రికులను ఎక్కించుకుని వెళ్లే చార్టర్ బోట్లవారు రెండు. సొంత పడవల మీద సరదాకు పట్టుకునేవారు మూడు. తిండి కోసం పట్టుకునే ఆదివాసులు, పల్లెవాసులు నాలుగు. వేరే చేపల కోసం వేసిన భారీ వలల్లో హాలిబట్‌ను చంపి పారేసే ట్రాలర్లు ఐదు. ఈ ఐదుగురిలో అందరికంటే ముందు నుంచి ఉన్నవారు ఆదివాసులు. ట్లింగిట్ జాతివారు కొయ్యతో చెక్కిన గేలాలు వాడేవారు. మరీ చిన్న చేప, మరీ పెద్ద చేప పడకుండా ఆ గేలం కొలత ఉండేది. తిండికి పట్టుకునే వారి హక్కుకు కేంద్ర నిబంధనల్లో విడిగా గుర్తింపు వచ్చింది మాత్రం 2003లోనే.

పట్టాల పంపకం

1995కు ముందు అలాస్కాలో హాలిబట్ వేట పరుగు పందెంలా ఉండేది. ఏడాదిలో ఒకటి రెండు రోజులు, ఇరవై నాలుగు గంటలో నలభై ఎనిమిది గంటలో, వేటకు తెరిచేవారు. తుపాను ఉన్నా పడవలు వెళ్లక తప్పేది కాదు. ప్రాణాలు పోయేవి. చేపంతా ఒక్కసారే ఒడ్డుకు వచ్చి పడేది, ధర కూలేది. పంటంతా ఒకే వారంలో మార్కెట్ యార్డుకు వస్తే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1995లో వ్యక్తిగత కోటాలు వచ్చాయి. ఏడాదికి ఇంత శాతం నీది, తీరిక చూసుకుని పట్టుకో అన్నారు. పందెం ఆగింది. వేట నెలల పాటు సాగుతోంది, తాజా చేపకు ధర దొరుకుతోంది. ఆ మేలును మేము కాదనం. కానీ ఆ కోటా ఎవరికి ఇచ్చారు? 1988, 1989, 1990 సంవత్సరాల్లో పడవ సొంతంగా గానీ, లీజుకు గానీ ఉండి చేప దించినవారికి. అదే పడవ మీద తాడు లాగి, గేలానికి ఎర కట్టి, చలిలో చేతులు కొయ్యబారిన పనివారికి ఒక్క కిలో రాయలేదు.

ఉచితంగా వచ్చిన ఆ కోటా మర్నాటి నుంచి అమ్ముకునే ఆస్తి అయింది. తరువాత కొనుక్కున్నవారు పడవలో తామే ఉండి పట్టాలన్న నిబంధన పెట్టారు. మొదట ఉచితంగా పొందినవారికి మాత్రం చాలా ప్రాంతాల్లో జీతానికి మనిషిని పెట్టి పట్టించుకునే వెసులుబాటు ఇచ్చారు. ఆ మనిషి పట్టిన చేప సొమ్ములో పెద్ద భాగం ఒడ్డున కూర్చున్న కోటాదారుకు పోతుంది. దీన్ని మన భాషలో కౌలు అంటారు. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు సాయం పట్టాదారుకు అందింది, దున్నే కౌలు రైతుకు అందలేదు. అక్కడ నీళ్ల మీద జరిగింది, ఇక్కడ నేల మీద జరిగింది. తేడా అంతే.

చిన్న తీర గ్రామాల నుంచి కోటాలు అమ్ముడై పోయాయి. 2004లో కొన్ని గ్రామాలు సంఘంగా ఏర్పడి కోటా కొనుక్కోవచ్చని అనుమతించారు. మన వాకిట్లోని బావిని పక్కవాడికి రాసిచ్చి, కావాలంటే కొనుక్కోమని మనకే చెప్పినట్టు ఉంది ఇది.

చార్టర్ బోట్ల వాటా

హోమర్, సిట్కా, సీవార్డ్ వంటి రేవుల్లో చార్టర్ బోట్లు పెరిగాయి. లాంగ్‌లైన్ వారికి కట్టుదిట్టమైన కోటా ఉండగా చార్టర్లు నిర్దేశించిన స్థాయిని దాటిపోతూ వచ్చాయి. అందరూ తాగే చెరువు నుంచి ఒకడికి కొలిచి, ఇంకొకడికి కొలవకుండా తోడనిస్తే తగవు రాక మానదు. 2011లో చార్టర్లకు హాలిబట్ పర్మిట్లు తప్పనిసరి చేశారు. 2014లో ఇరుపక్షాలకూ కలిపి వాటాల పథకం తెచ్చారు. ఆగ్నేయ అలాస్కాలో ఇద్దరి ఉమ్మడి పరిమితి 50 లక్షల పౌండ్ల లోపు ఉంటే అందులో చార్టర్లకు 18.3 శాతం. 57.55 లక్షలు దాటితే 15.9 శాతం. దక్షిణ మధ్య తీరంలో పరిమితి కోటి పౌండ్ల లోపు ఉంటే 18.9 శాతం. రెండున్నర కోట్లు దాటితే 14 శాతం.

చేప తగ్గితే ఇద్దరికీ తగ్గాలి, పెరిగితే ఇద్దరికీ పెరగాలి. ఈ సూత్రం సరైనది, మేము సమర్థిస్తాం. కానీ ఆ అంకెలను ఇంకోసారి చూడండి. చేప తక్కువైన ఏడు చార్టర్ల శాతం పెరుగుతుంది. అంటే కరువు ఏడాది భారం జీవనోపాధి కోసం పట్టేవారి మీద ఎక్కువగా పడుతుంది. కాలువలో నీళ్లు తగ్గిన ఏడు ఎగువ ఆయకట్టుకు వాటా పెంచి, చివరి భూములకు కోసినట్టు.

చార్టర్ యజమానులకూ ఒక వాదన ఉంది. సగం ట్రిప్పు అమ్మలేం, పరిమితి మరీ తగ్గితే యాత్రికులే రారు, దుకాణం మూతబడుతుంది అంటారు. వారిలోనూ చాలామంది ఒకటి రెండు బోట్లున్న చిన్నవారే. ఆ ఇబ్బంది నిజమే. అయితే అప్పు చేసి కోటా కొనుక్కున్న లాంగ్‌లైన్ యువకుడి వాయిదా కూడా సగానికి తగ్గదు. సరదాకు వచ్చినవాడు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వస్తాడు. చేపే బతుకైనవాడు ఎక్కడికి పోతాడు? కష్టకాలంలో ఎవరి శాతం నిలబడాలో తేల్చడానికి ఈ ప్రశ్న చాలు.

కొనుక్కుంటే న్యాయం అయిపోతుందా?

చార్టర్ వర్గం చూపిన పరిష్కారం మార్కెట్. ఒక సంస్థ ఏర్పాటు చేసి, లాంగ్‌లైన్ వారి కోటాను ఇష్టపడి అమ్మేవారి దగ్గర కొని, యాత్రికుల వాటాలో కలపవచ్చని 2018లో నిబంధన వచ్చింది. ఆగ్నేయంలో 10 శాతం, దక్షిణ మధ్యలో 12 శాతం మించి కొనకూడదన్న పరిమితి ఉంది. ఒకరి వాటాను నష్టపరిహారం లేకుండా లాక్కోవడం కంటే ఇది మేలే. మేము అంతవరకే ఒప్పుకుంటాం.

అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టి న్యాయమే అంటారు. ఆ బేరంలో మూడోవాడు ఉన్నాడు. కోటా కొనాలని కూడబెట్టుకుంటున్న పడవ కూలీ ఉన్నాడు, కోటా పోయిన గ్రామం ఉంది. యాత్రికుల డబ్బుతో పెద్ద సంస్థ బేరానికి దిగితే ధర ఎటు పోతుంది? రియల్ ఎస్టేట్ వచ్చాక మన ఊళ్లో ఎకరం ధర ఎటు పోయిందో, సేద్యం చేసి ఆ ఎకరం కొనగలిగిన రైతు ఎందరు మిగిలారో చూసినవారికి ఈ ప్రశ్నకు జవాబు తెలుసు.

పారేసిన చేప లెక్క

లాంగ్‌లైన్, చార్టర్ అనే ఇద్దరు చిన్నవారు శాతాల కోసం కొట్టుకుంటుంటే పెద్దవాడు పక్కన నిశ్చింతగా ఉన్నాడు. బేరింగ్ సముద్రంలో అడుగు చేపల కోసం భారీ ట్రాల్ వలలు లాగే ఓడల్లో హాలిబట్ కూడా పడుతుంది. చట్ట ప్రకారం వారు దాన్ని ఉంచుకోకూడదు, తిరిగి సముద్రంలో వేయాలి. వేసేసరికి అందులో ఎక్కువ భాగం చచ్చి ఉంటుంది. 2014లో ఆ సముద్రంలో హాలిబట్ కోసమే వెళ్లినవారు ఒడ్డుకు తెచ్చిన చేపల కంటే వలల్లో చచ్చి పారేసినవే ఎక్కువ. సెయింట్ పాల్ దీవిలో హాలిబట్ మీదే బతికే ఉనంగన్ మత్స్యకారులు తమ వాటా ఏటేటా కోతపడుతుంటే చూస్తూ ఉండాల్సి వచ్చింది.

వారు పోరాడారు. పరిమితిని సగానికి తగ్గించాలని అడిగితే 2015లో మండలి మొత్తం మీద 21 శాతం తగ్గించింది. చేప ఎంత ఉందో దాన్నిబట్టి పెద్ద ట్రాలర్ల పరిమితి కూడా మారాలన్న సూత్రాన్ని 2021 డిసెంబరులో ఆమోదించింది. 2024 నుంచి అది అమలవుతోంది. అంతవరకు తిండికి, బతుకుకు పట్టేవారి వాటా చేపతో పాటు తగ్గుతూ ఉంటే, పారేసేవారి పరిమితి కదలకుండా నిలిచింది. తినేవాడికి కొలత, పారేసేవాడికి హామీ. ఇంతకంటే పెద్ద అన్యాయం ఏముంటుంది?

బోటు బుక్ చేసేవారికి

అక్కడున్న మన పిల్లలకు మేము వెళ్లవద్దని చెప్పడం లేదు. అతిథిగా వెళ్లమంటున్నాం. బుక్ చేసేముందు ఆ బోటుకు చార్టర్ హాలిబట్ పర్మిట్ ఉందో లేదో అడగండి. మీ పేరున చేపల వేట లైసెన్సు తీసుకోండి. ఆగ్నేయంలో ఇటీవలి ఏళ్లలో చార్టర్ ఎక్కినవారికి రోజుకు ఒక్క చేపే, అది కూడా మధ్యస్థ కొలతల్లో ఉంటే వదిలేయాలి. దక్షిణ మధ్య తీరంలో వారంలో ఒక రోజు చార్టర్ల హాలిబట్ వేట మూసేస్తున్నారు. ఈ నియమాలు ఏటా మారతాయి కనుక ఆ ఏడాది నియమం చూసుకుని వెళ్లండి. డబ్బు కట్టాం కదా అని కెప్టెన్ మీద ఒత్తిడి పెట్టకండి.

గైడు లేకుండా సొంతంగా వెళ్లేవారికి పరిమితి కొంత సడలింపుగా ఉందని, అద్దె పడవ తీసుకుని ఆ సందులోంచి దూరేవారూ ఉన్నారు. చట్టం దాన్ని నేరమనకపోవచ్చు. కానీ ఆ అదనపు చేప ఇంకొకరి కంచంలోంచి వస్తుంది. పట్టిన చేపను అమ్మడం నేరం. తినగలిగినంతే ఉంచుకోండి. పెద్ద ఆడ చేప గేలానికి పడితే, బతికి ఉండగానే వదిలేయండి. విత్తనాన్ని వండుకుని తినే అలవాటు రైతుబిడ్డలకు ఉండకూడదు.

మన తీరం మాటేమిటి?

ఆంధ్రప్రదేశ్‌లో 1994 సముద్ర మత్స్య నియంత్రణ చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ మత్స్యకారులకు కేటాయించారు. మర పడవలు ఆ గీత దాటి రావడం, వలలు తెగడం, తీరంలో ఘర్షణలు మనం చూస్తూనే ఉన్నాం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేప గుడ్లు పెట్టే కాలమని వేట ఆపుతున్నారు. మన మత్స్యకారుడు పస్తుండి విత్తనాన్ని కాపాడుతున్నాడు. ఆ విత్తనం ఎవరికి దక్కుతోంది?

1991లో కేంద్రం లోతు సముద్రాన్ని విదేశీ భాగస్వామ్య కంపెనీలకు తెరిచింది. దేశమంతటా మత్స్యకారులు రోడ్డెక్కారు. ఆ ఒత్తిడితో వేసిన మురారి కమిటీ 1996లో ఆ లైసెన్సులు రద్దు చేయాలని సిఫారసు చేసింది. ఉమ్మడి సంపదను కాపాడింది మార్కెట్ కాదు, ఆ ఐక్యత.

అందుకే మేము కోరేవి ఇక్కడా అక్కడా ఒక్కటే. ముందు సముద్రానికి మిగలాల్సింది మిగలాలి. తరువాత తిండికి పట్టుకునేవారి వాటా. ఆపైన చెమటోడ్చి బతికేవారిది. సరదా ఆ తరువాతే. పారేసేవారికి కోత అన్నిటికంటే ముందు పడాలి. హక్కు కాగితం శ్రమ చేసేవారి పేరున ఉండాలి. వాటాలు తేల్చే బల్ల దగ్గర పడవ కూలీకి, కౌలు రైతుకు కుర్చీ ఉండాలి. సముద్ర తీరాన మత్స్యకార సంఘాలు ఈ మాట మీద పోరాడినప్పుడు మన రైతు సంఘాలు వారి పక్కన నిలబడాలి. నీళ్ల కోసం మనం రోడ్డెక్కిన రోజున వారూ మన పక్కన ఉంటారు.