ఐసీయూ తలుపు తియ్యండి! లోపలున్నది మా మనిషి!

చీడికాడ మండలం అన్నలారా, అక్కలారా!

గుండె పట్టేసినా, పాము కరిచినా, బండి మీంచి పడినా మనమేం చేస్తాం? 108కి ఫోన్ కొడతాం. చోడవరం వెళ్తే అనకాపల్లి అంటారు. అనకాపల్లి వెళ్తే విశాఖ అంటారు. చివరికి మనిషిని ఐసీయూలోకి తోసుకుపోతారు. తలుపు మూసుకుపోతుంది. ఇక అక్కణ్ణుంచి మనమెవరం? ఎవరమూ కాం!

స్ట్రెచర్ తొయ్యడానికి మనం కావాలి. రక్తం కోసం పరిగెత్తడానికి మనం కావాలి. అర్ధరాత్రి చీటీ పట్టుకుని మందుల షాపుకి పోవడానికి మనం కావాలి. ఇంగ్లీషు కాయితం మీద వేలిముద్ర వెయ్యడానికీ మనమే కావాలి. మరి లోపలెలా ఉందని అడిగితే? "పక్కకెళ్ళమ్మా, అడ్డం!" ఇదేటి న్యాయం?

ఆ వరండాలో పడుకున్నోళ్ళని చూశారు కదా! చూడ్డమేటి, మనమే పడుకున్నాం. కోనాం నుంచో తురువోలు నుంచో వచ్చినామె గేదెల్ని పక్కింటికి అప్పజెప్పి వస్తుంది. కూలి పోతుంది. నాట్లు ఆగిపోతాయి. స్నానానికి చోటుండదు. పెద్ద డాక్టరు ఎప్పుడొచ్చారో, ఎప్పుడెళ్ళారో తెలీదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డమే! చెప్పేది ఒక్క ముక్క: "సీరియస్." ఊళ్ళోంచి ఫోన్లు: ఎలా ఉందే? ఏం చెప్పాలి? ఇంకో అప్పు చెయ్యాలా? ఆ అరెకరం తాకట్టు పెట్టాలా? ఏమీ తెలీకుండా ఎలా తేల్చుకుంటాం?

లోపలున్న మనిషి సంగతో? నోట్లో గొట్టం, మాట రాదు. రాత్రో పగలో తెలీదు. భయపడి గొట్టాలు లాగితే చేతులు మంచానికి కట్టేస్తారు. ఆయనకి ఎడం చెవి వినపడదని ఎవరు చెప్పాలి? ఫలానా ఇంజక్షన్ పడక కిందటేడు ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయని ఎవరు చెప్పాలి? ఆయన పెళ్ళామా, కంప్యూటరా?

"మీరొస్తే ఇన్ఫెక్షనొస్తుంది" అంటారు. బ్రెజిల్‌లో 36 ఐసీయూల్లో పరీక్ష పెట్టి చూశారు. 2019లో ఫలితం అచ్చయింది. ఇంటోళ్ళని రోజుకి 12 గంటల దాకా ఉండనిచ్చారు. ఇన్ఫెక్షన్లు పెరగలేదు! రోగి మతి తప్పడం తగ్గిందా అంటే, అది తేలలేదు. ఇంటోళ్ళ దిగులు మాత్రం తగ్గింది. చేతులు కడుక్కోమనండి, కడుక్కుంటాం. గౌను వేసుకోమనండి, వేసుకుంటాం. పొమ్మనడమెందుకు?

నర్సమ్మల మీద మనకి పగ లేదు. వాళ్ళూ మనూళ్ళ ఆడపిల్లలే. వెంటిలేటర్ మీదున్న ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలి. ఉంటున్నారా? ఒక్కామె నలుగురైదుగుర్ని చూస్తూ, మధ్యలో మనకి జవాబు చెప్పమంటే చిరాకు రాదా? నర్సు పోస్టులు నింపమన్నదీ మన డిమాండే! ఇంకో మాట. డాక్టర్ల మీద చెయ్యెత్తడం తప్పు, ఎవరు చేసినా తప్పే. కానీ బంధువులంటేనే గొడవ అని ముందే ముద్ర వేసేస్తే? లోపలేం జరుగుతోందో దాస్తేనే కదా అనుమానం పుట్టేది!

లోపలేం జరుగుతోందో చెప్పమనడం బతిమాలుకునే సంగతి కాదు. ఏం వైద్యం చేస్తున్నారు, లాభమేంటి, ప్రమాదమేంటి, వేరే దారేంటి, ఇవన్నీ అర్థమయ్యేలా చెప్పాకే సంతకం తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లోనే తీర్పిచ్చింది. ప్రాణం మీదికొచ్చిన క్షణం వేరు, అది ఒప్పుకుందాం. రోగికి స్పృహ ఉంటే ఒప్పుకోలు అడగాల్సింది ముందు రోగినే! అడిగిన 72 గంటల్లో వైద్యం కాయితాలు ఇవ్వాలన్నది డాక్టర్లకున్న రూలు. రోగుల హక్కుల పట్టిక అమలు చెయ్యమని కేంద్రం 2019లో రాష్ట్రాలకి చెప్పింది. మీరెళ్ళిన ఆసుపత్రి గోడ మీద అది కనిపించిందా?

కాబట్టి అడుగుదాం! రోజూ ఒక టైము పెట్టి డాక్టరు కూర్చుని తెలుగులో చెప్పాలి. ఇంటి మనిషి ఒకర్ని మంచం పక్కన కూర్చోనివ్వాలి. బయటున్నోళ్ళకి నీడ, నీళ్ళు, బాత్రూము ఉండాలి. వైద్యసేవ కార్డు మీద చేరినోళ్ళు కౌంటర్లో సాయానికి కూర్చున్న ఉద్యోగిని, అంటే మిత్రని, పట్టుకోండి, వినకపోతే 104కి ఫోన్ కొట్టండి.

సోమవారం అనకాపల్లి కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఈ మండలంలో ఐసీయూ బయట ఒక్క రాత్రయినా కూర్చున్న ప్రతి ఇల్లూ అర్జీ రాయాలి. మీకేం జరిగిందో మీ మాటల్లోనే రాయండి. రాయడం రానోళ్ళకి చదువుకున్న పిల్లలు కూర్చుని రాసిపెట్టండి. విడివిడిగా వద్దు, అందరం ఒకే సోమవారం వెళ్దాం. పొద్దున్నే చీడికాడలో బస్సెక్కాలి. రండి!

ఇట్లు,
చీడికాడ మండలం రోగుల ఇంటివాళ్ళు