ఉసిళ్ళు రాలేదంటే ఏ పార్టీ అని అడిగారు

పోస్టు కాస్త పెద్దది. టైమున్నప్పుడే చదవండి గానీ, చివరిదాకా చదవండి.

పోయిన వానాకాలం మా కాలనీకి ఒక ఛానెల్ అతను వచ్చినాడు. రొయ్యల గుంటల నీళ్ళు కాలవలోకి వదిలితే పీతలు చచ్చి తేలినాయని మేమే ఫోన్ చేసి పిలిచినాం. వచ్చి మా అవ్వ ముందు మైకు పెట్టినాడు. అవ్వ పీతల సంగతి చెప్పి అంతటితో ఆగలేదు. "మొదటి వానకు ఉసిళ్ళు కూడా రాలా నాయనా, దీపం పెట్టుకోని పొద్దుపోయేదాకా కూచున్నా" అనింది. అతను మైకు దించి మావైపు తిరిగి అడిగిన మొదటి మాట ఏందో తెలుసా? "మీ కాలనీ ఏ పార్టీ?"

ఆ రాత్రి టీవీలో అర నిమిషం వచ్చింది. ఉసిళ్ళ మాట కత్తిరించినారు. పీతల మాట మీద ప్రభుత్వ వైఫల్యం అని ఎర్ర అక్షరాలు వేసినారు. రెండో రోజుకే అవతలి పార్టీ వాళ్ళ ఫోన్లలో అదే వీడియో తిరిగింది, "పెయిడ్ ఆర్టిస్టులు" అనే పేరుతో. పుట్టి బుద్ధెరిగి సినిమా హాలు గడప తొక్కని అవ్వ ఆర్టిస్టు అయిపోయింది. నాలుగో రోజు, ఆ గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండే మా చిన్నాయనను రేపట్నించి రావద్దన్నారు. ఆ ఛానెల్ అతను మళ్ళీ ఫోన్ ఎత్తలేదు.

అప్పటినుంచి మా కాలనీలో కుర్రోళ్ళు ఒకటే మాట. పేపర్లన్నీ అబద్ధాలే, టీవీలన్నీ అమ్ముడుపోయినాయి, ఎవుర్నీ నమ్మబాకండి. మేం కూడా కొన్నాళ్ళు అదే అన్నాం. ఇప్పుడు ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ముందు ఉసిళ్ళ సంగతి. పేరు వినడమే గానీ చూడని తమ్ముళ్ళున్నారు కాబట్టి చెబుతున్నాం. మంచి వాన పడిన సాయంత్రం పుట్టల్లోంచి రెక్కల చెదలు లేస్తాయి. మన పెద్దోళ్ళు పుట్ట దగ్గర దీపం పెట్టి, కింద గుంట తీసో వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసో పట్టేవాళ్ళు. ఎండబెట్టి, మంగలంలో వేయించి, చేటలో చెరిగితే రెక్కలు ఎగిరిపోతాయి. ఉప్పు వేసి బొరుగులతో కలుపుకొని తింటే పనిలేని వాన దినాల్లో కడుపుకు అదే నూనె, అదే మాంసం. దీన్ని చూసి నవ్వే వాళ్ళు కాలేజీలో మనకు తగిలే ఉంటారు. నవ్వనీండి. రొయ్యను వేపుకొని తినేవాడికి ఉసిల్ని చూసి నవ్వే హక్కు లేదు, రెండూ ఒకే కుటుంబం.

ఆ మాట ఊరికే అనలేదు. జంతుశాస్త్రం చదివేవాళ్ళకు తెలుసు. పురుగు, సాలీడు, పీత, రొయ్య అన్నీ ఆర్థ్రోపోడా. పురుగు నరాన్ని పట్టుకునే మందు పీత నరాన్నీ పట్టుకుంటుంది. గుంటను ఎండగట్టి, నీళ్ళు పెట్టి, రొయ్య పిల్లను వదిలే ముందు తెల్లమచ్చ వైరస్‌ను మోసుకొచ్చే పీతలూ పురుగులూ ఉండకూడదని బ్లీచింగ్ వేస్తారు. చాలాచోట్ల పురుగుమందూ పోస్తారు. పోసే చెయ్యి మనదే. డబ్బా మీద ఏం రాసుందో మనకు ఎవరూ చదివి చెప్పరు. డైక్లోర్‌వాస్ అనే మందును 2020 డిసెంబర్ 31 తర్వాత వాడకూడదని కేంద్రం 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ మాట మీలో ఎంతమందికి తెలుసు? మాకైతే డిగ్రీకి వచ్చేదాకా తెలియదు.

వరి వైపు చూస్తే ఇంకా చిత్రం. పెన్నా డెల్టాలో దోమపోటు అంటే రైతుకు గుండె దడ. మందు కొడతాడు. ఆ మందు దోమను చంపుతుంది, దాంతోపాటు దోమను తినే సాలీళ్ళను, దాని గుడ్లను పీల్చే చిన్న నల్లులను, తూనీగలను కూడా చంపుతుంది. దోమ గుడ్లు మాత్రం ఆకు తొడిమ లోపల భద్రంగా ఉంటాయి. అవి పొదిగి బయటికొచ్చేసరికి తినేవాడు ఒక్కడూ ఉండడు. మళ్ళీ దోమ, మళ్ళీ మందు. ఇది మా కథ కాదు. ఇండోనేషియా ఇదే దెబ్బ తిని, 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. వాళ్ళ వరి పండటం ఆగిపోలేదు.

మా మాటకు పరిమితి ఉందని మేమే చెబుతున్నాం. నెల్లూరు తీరంలో పురుగులను ఏళ్ళ తరబడి లెక్కపెట్టిన కాగితం మా చేతిలో లేదు. ముసలోళ్ళ జ్ఞాపకంలో పాత రోజులు ఎప్పుడూ కాస్త తీపిగానే ఉంటాయి. ఉసిళ్ళు లేకపోవడానికి మందు ఒక్కటే కారణం కాకపోవచ్చు. పుట్టలున్న బీళ్ళను పొక్లెయిన్ పెట్టి చదును చేసి గుంటలు తవ్వినారు, పుట్టే లేకపోతే ఉసిలెక్కడిది? గట్ల మీద గడ్డిమందు, రాత్రంతా గుంటల చుట్టూ లైట్లు. మిణుగురులు కనపడక ఎన్నేళ్ళయిందని అడిగితే మా కాలనీలో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పినారు. ఉన్నాయని మాత్రం ఎవ్వరూ చెప్పలేదు.

ఇప్పుడు పేపర్ల సంగతికి వద్దాం. మనకు నమ్మకం పోవడానికి కారణాలు లేకపోలేదు. శ్రీహరికోట మన తాతలది. రాకెట్ కేంద్రం కోసం వాళ్ళను దీవి దాటించినారు. 1971 అక్టోబర్‌లో మొదటి రాకెట్ ఎగిరిన కాడినుంచి ఈ రోజు వరకు ప్రతి ప్రయోగానికీ కెమెరాలన్నీ ఆకాశం వైపే తిరుగుతాయి. కింద ఎవరుండేవాళ్ళని అడిగే కెమెరా అరుదు. నేరస్త జాతుల చట్టం 1952లో పోయింది. దాని కిందినుంచి యానాదులను తప్పించడానికి వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటి వాళ్ళు ఎంత తిరిగినారో మన పెద్దోళ్ళు చెబుతారు. అయినా దొంగతనం వార్తలో మన కులం పేరు ముందొస్తుంది, వెట్టి నుంచి విడిపించిన వార్తలో యజమాని పేరు రానే రాదు.

పైన ఉన్నవాళ్ళు చేసింది ఇంకోటి. మన రాష్ట్రంలో పేపరుకు రంగు పూసినారు. ఒకరికి అవతలిది ఎల్లో మీడియా, ఇంకొకరికి ఇవతలిది బ్లూ మీడియా. 2007లో జీవో 938, 2019లో జీవో 2430, రెండూ వార్త రాసినవాడి మీద అధికారులు కేసు పెట్టడానికి దారి తీసినవే. 2016 జూన్‌లో సాక్షి టీవీ ఆగిపోయింది. 2019లో ఏబీఎన్, టీవీ5 కేబుల్లో కనపడకుండా పోయినాయి. కుర్చీలో ఎవరుంటే అవతలివాళ్ళ గొంతు పట్టుకున్నారు. అట్లని ఆ ఛానెళ్ళు అమాయకులని మేం అనడం లేదు. యజమానులకు వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయి.

కానీ దీనివల్ల లాభపడింది ఎవరు? పీతలు చచ్చినాయి అంటే "ఏ పేపర్లో వచ్చింది?" అంటారు. పేరు చెప్పగానే సగం ఊరు నవ్వి వెళ్ళిపోతుంది. కాలవలో నీళ్ళు ఎవరూ పట్టి చూడరు. గుంట యజమాని ఒక్క మాట మాట్లాడకుండానే బయటపడతాడు. ఆయనకు వార్త అబద్ధమని నిరూపించే పనే లేదు, వార్తలన్నీ అబద్ధాలే అని మనం అనుకుంటే చాలు. మా చిన్నాయన పని పోయింది వార్త వచ్చినందుకు. ఆ వార్తకు విలువ లేకుండా పోయింది "అన్నీ అబద్ధాలే" అన్నందుకు. మొదటిది వాళ్ళు చేసినారు, రెండోదాంట్లో మన చెయ్యి కూడా ఉంది.

మన జిల్లాలోనే చూడండి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించినప్పుడు ఈనాడు దాన్ని రోజూ రాసింది. ఆ పత్రికకు దానివెనక ఏ లెక్కలుండినాయో అప్పుడూ వాదించినారు, ఇప్పుడూ వాదిస్తారు. ఉండనీ. అంగడి ముందు కూచున్న ఆడవాళ్ళు మాత్రం నిజం. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా ఆగింది. పేపరు ఎవరిదని చూసి ఆ ఆడవాళ్ళను కూడా కొట్టిపారేసి ఉంటే ఏమయ్యేది?

భోపాల్ సంగతి మీలో చాలామంది పాఠంలో చదివే ఉంటారు. ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది కూడా పురుగుమందే, సెవిన్. రాజ్‌కుమార్ కేస్వానీ అనే విలేకరి 1982లోనే, రపట్ అనే తన చిన్న వారపత్రికలో, ఈ ఫ్యాక్టరీ ఊరిని చంపేస్తుందని రాసినాడు. మళ్ళీ మళ్ళీ రాసినాడు. చిన్న పేపరు, భయపెట్టే రాతలు అని పక్కన పెట్టినారు. 1984 డిసెంబర్ 2 రాత్రి గ్యాస్ వచ్చింది.

పురుగుల వార్తల్లోనూ పేపర్లు అతి చేసినాయి, అదీ ఒప్పుకుందాం. 2017లో జర్మనీ నుంచి ఒక లెక్క వచ్చింది. అక్కడి రక్షిత ప్రాంతాల్లో ఎగిరే పురుగుల బరువు 27 ఏళ్ళలో నాలుగింట మూడొంతులకు పైగా తగ్గిందని. 2019లో ఇంకో వ్యాసం వచ్చేసరికి, వందేళ్ళలో భూమ్మీద పురుగే ఉండదని హెడ్డింగులు పెట్టినారు. శాస్త్రవేత్తలే అభ్యంతరం చెప్పినారు. 2020లో ఎక్కువ చోట్ల లెక్కలు కలిపి చూస్తే నేల మీద పురుగులు పదేళ్ళకు 9 శాతం చొప్పున తగ్గుతున్నాయి, మంచినీళ్ళలో బతికేవి పెరుగుతున్నాయి అని తేలింది. మా క్లాసు అబ్బాయి ఒకడు ఇది చూపించి, "చూసినారా, అంతా ఉత్తదే" అన్నాడు. ఒరే అబ్బాయా, ఆ లెక్కలు ఎక్కువగా యూరప్, అమెరికా దేశాలవి. నీళ్ళను శుభ్రం చేసుకున్నందుకే అక్కడ నీటి పురుగులు తిరిగొచ్చి ఉంటాయని ఆ శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. మన కాలవలోకి ఏం వదులుతున్నారో నీకు తెలుసు. హెడ్డింగు తప్పయితే హెడ్డింగును తిట్టు. దాంతో మన పుట్టలోంచి ఉసిళ్ళు లేస్తాయా?

ఆ జర్మనీ లెక్క గురించి ఒకటి చెప్పాలి. దాన్ని రాసిపెట్టింది పెద్ద యూనివర్సిటీ కాదు. క్రేఫెల్డ్ అనే ఊళ్ళో పురుగులంటే ఇష్టమున్న మామూలు మనుషుల సంఘం. గుడారం లాంటి వలలు కట్టి, పడిన పురుగులను సీసాల్లో దాచి, తూకం వేసి, తేదీ రాసిపెట్టినారు. ఇన్నేళ్ళు ఎవరూ అడగలేదు. అడిగిన రోజు వాళ్ళ దగ్గర ఉంది.

మన దగ్గర లేదు. అవ్వ మాట ఉంది, అవ్వ మాటను అర నిమిషంలో కత్తిరించినారు. కాబట్టి పేపరు వాళ్ళను పిలవడం మానేద్దామని మేం అనడం లేదు, ఖాళీ చేతుల్తో పిలవొద్దంటున్నాం. ఇంకోసారి పీతలు తేలితే తేదీ, టైము, ఏ కాలవ, ఏ గుంట తూము, డబ్బా మీద మందు పేరు, అన్నీ ఫోటోలతో పెట్టుకుందాం. రెండు రంగుల వాళ్ళనూ ఒకే రోజు పిలుద్దాం, ఒకే కాగితం ఇద్దాం. ఎవరు ఏది కత్తిరించినారో పక్కపక్కన పెట్టి ఇక్కడే వేద్దాం. రైతు భరోసా కేంద్రం పేరు రైతు సేవా కేంద్రం అని మారింది, సంతోషం, అక్కడికే పోయి ఏ మందుకు అనుమతి ఉందో, దేనికి లేదో రాతపూర్వకంగా అడుగుదాం. గుంటల మీద పనిచేసేవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా రాయబాకండి. చిన్నాయన విషయంలో మేం చేసిన తప్పు అది, ముఖం కనపడే వీడియో ఇచ్చినాం.

ఈ ఏడాది మా కాలనీలో వీధిదీపం కింద తెల్ల దుప్పటి కట్టడం మొదలుపెట్టినాం. వాన పడిన ప్రతి రాత్రీ ఏడు నుంచి ఎనిమిది దాకా ఏం వాలినాయో రాస్తున్నాం. పేర్లు తెలియనివాటికి బొమ్మ గీస్తున్నాం. ఆరుద్ర పురుగును కూడా రాయమని అవ్వ పట్టుబట్టింది, దానికి ఎనిమిది కాళ్ళు, అది అసలు కీటకమే కాదని చెప్పినా వినలా. రాసినాం. నిన్న రాత్రి వానకు దుప్పటి మీద చిన్న దోమలు, రెండు పేడపురుగులు, ఒక చిమ్మట. ఉసిళ్ళు సున్నా. ఆ సున్నా కూడా తేదీతో సహా రాసి, కింద అవ్వ చేత వేలిముద్ర వేయించినాం. మీ ఊళ్ళో వాన పడిన రాత్రి మీరూ కట్టండి, మరుసటి రోజు కింద కామెంట్లో పెట్టండి. పుట్ట ఎక్కడైనా మిగిలుంటే అదీ చెప్పండి, అవ్వను తీసుకొస్తాం.