‘ఎన్ని ప్లైరా అవి?’

నాలుగు టైర్లు కలిపి 400 డాలర్లు. దాదాపు కొత్తవి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఉండే రబ్బరు వెంట్రుకలు కూడా ఇంకా పోలేదు. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి ఆగలేక, "రేపు పొద్దున్నే వచ్చి తీసుకుంటా" అని అమ్మేవాడికి మెసేజ్ పెట్టేశాను. ఆ రాత్రి వీడియో కాల్‌లో నాన్నకి గొప్పగా చెప్పాను. నాన్న ధర అడగలేదు. కంపెనీ పేరు అడగలేదు.

"ఎన్ని ప్లైరా అవి?" అన్నాడు.

నాకు తెలీదు. సైజు మాత్రం తెలుసు. 275/65ఆర్18. నా బండి డోరు తెరిస్తే పక్కన అంటించిన స్టిక్కర్ మీద ఉన్న సైజూ అదే. ఇంకేం కావాలి? చొక్కా కొనేటప్పుడు సైజు సరిపోతే వేసుకుంటాం కదా, ఇదీ అంతే అనుకున్నాను.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డు నుంచి లోడు ఎత్తుకుని పాతికేళ్లు లారీ నడిపాడు. నేను డాలస్ దగ్గర ఒక ఆఫీసులో కూర్చుని కోడ్ రాస్తాను. బండ్ల విషయంలో మా ఇద్దరిలో ఇంజనీరు ఎవరో మా ఇంట్లో అందరికీ తెలుసు, నాకొక్కడికే ఆలస్యంగా తెలిసింది.

కోడ్ రాసేవాడికి హెవీ డ్యూటీ పికప్ ఎందుకు అంటారా? ఆఫీసులోనూ అదే అడిగారు. ముగ్గురు ఫ్రెండ్స్‌మి కలిసి ఒక సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్ కొన్నాం. చక్రాల మీద చిన్న ఇల్లు అన్నమాట. మంచం, స్టవ్, బాత్రూమ్ అన్నీ ఉంటాయి. సామాన్లు నింపితే 7,000 పౌండ్లు, అంటే మూడు టన్నుల పైనే. దాన్ని లాగడానికి నా వాటాగా 2014 మోడల్ ఫోర్డ్ ఎఫ్-250 తీసుకున్నాను. రిటైరైన ఒక పెద్దాయన అమ్మాడు. మే నెలలో అమ్మానాన్న వస్తున్నారు. వాళ్లని ఎక్కించుకుని న్యూ మెక్సికోలో ఉన్న కార్ల్స్‌బాడ్ గుహలకి వెళ్లాలని ప్లాను. వెనక ట్రైలరు, లోపల వాళ్లిద్దరు. అందుకే ఈ టైర్ల గొడవ.

అమెరికాలో పికప్‌లకి హాఫ్ టన్, త్రీ క్వార్టర్ టన్, వన్ టన్ అని వరసలుంటాయి. ఒకప్పుడు మోసే బరువుని బట్టి పెట్టిన పేర్లు. ఇప్పుడవి అంతకంటే చాలా ఎక్కువే మోస్తాయి, పేర్లు మాత్రం మారలేదు. ఎఫ్-150 హాఫ్ టన్. నాది త్రీ క్వార్టర్. పక్కపక్కన నిలబెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా తెలియాలంటే చక్రాల బోల్టులు లెక్కపెట్టండి. దానికి ఆరు, నా బండికి ఎనిమిది.

నిజానికి బండితో వచ్చిన టైర్లు అరిగిపోలేదు. గ్రిప్పు లోతుగా, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇక్కడ చట్టం ప్రకారం కనీసం ఒక అంగుళంలో 32వ వంతులు రెండు, అంటే 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. మన దేశంలోనూ దాదాపు అదే లెక్క. నా టైర్లకి అంతకి మూడు రెట్లుంది. కానీ టైరు పక్క గోడ మీద ‘డాట్’ అనే అక్షరాల తర్వాత ఒక పొడుగాటి నంబరు ఉంటుంది. అందులో చివరి నాలుగు అంకెలు టైరు పుట్టిన తేదీ. నా టైర్ల మీద 2315 అని ఉంది. 2015లో 23వ వారం. ఇది కనిపెట్టడానికి బండి కిందకి దూరాల్సొచ్చింది, ఎందుకంటే తేదీతో సహా మొత్తం నంబరు టైరుకి ఒకవైపే వేస్తారు. నా అదృష్టం కొద్దీ నాలుగింటికీ ఆ వైపు లోపలికి తిరిగి ఉంది.

అంటే తొమ్మిదేళ్లు దాటిపోయాయి. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. ఎండ, వేడి, గాలిలోని ఆక్సిజన్ దాన్ని గట్టిపరుస్తాయి. దగ్గరికెళ్లి చూస్తే గోడల మీద సన్నటి బీటలు. ఫోర్డ్ వాళ్ల మాన్యువల్ అయితే అరుగుదలతో సంబంధం లేకుండా ఆరేళ్లకి మార్చమంటుంది. హైదరాబాద్‌లో ఉన్న మీ బైకు టైరు మీద కూడా ఈ నాలుగంకెలు ఉంటాయి. ఒకసారి కిందకి దిగి చూడండి. నేను చెప్పగానే చూసిన ఫ్రెండ్ ఒకడు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

సరే, 400 డాలర్ల టైర్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ కొత్త ఎఫ్-150 కొన్న కుర్రాళ్లు చాలామంది మర్నాడే కంపెనీ టైర్లు పీకేసి పెద్ద పెద్ద మడ్ టైర్లు వేయించుకుంటారు. పీకినవి అమ్ముకుంటారు. వాటిని ‘టేక్ ఆఫ్’ అంటారు. నేను చూసినవి అవే. నాన్న అడిగాక ఫొటో జూమ్ చేసి చూశాను. సైజు పక్కన 116టీ అని ఉంది. నా బండి స్టిక్కర్ మీద సైజుకి ముందు ‘ఎల్‌టీ’ అని రెండక్షరాలున్నాయి. బండికి ఉన్న పాత టైరు మీద చూస్తే 123/120, లోడ్ రేంజ్ ఈ. ఎల్‌టీ అంటే లైట్ ట్రక్. ఆ రెండక్షరాలు లేని టైరు, ఎంత లావుగా కనిపించినా, లెక్కప్రకారం కారు టైరే.

ఇక్కడ నాలోని ఇంజనీరు నిద్ర లేచాడు. 116 అనేది లోడ్ ఇండెక్స్. ఆ అంకెకి పట్టికలో ఉన్న బరువు 1,250 కిలోలు. 123 అంటే 1,550 కిలోలు. (పక్కన ఉన్న 120, వెనక జంట చక్రాలున్న బండ్లకి. జంటగా వేస్తే ఒక్కొక్కటి మోసేది కొంచెం తగ్గించి లెక్కేస్తారు.) పైగా కారు టైరుని ట్రక్కుకి వేస్తే దాని బరువుని 1.1తో భాగించాలని ఇక్కడి రూలు. ట్రక్కు మీద పడే దెబ్బలు వేరు కదా. అప్పుడు 1,250 కాస్తా 1,136 అయింది. రెండు టైర్లకి 2,272 కిలోలు.

నా బండి స్టిక్కర్ ప్రకారం వెనక ఇరుసు మీద పడగల గరిష్ఠ బరువు 6,100 పౌండ్లు. 2,767 కిలోలు.

దాదాపు 500 కిలోలు తక్కువ! ఖాళీగా ఆఫీసుకెళ్లినన్నాళ్లు ఏమీ తెలియదు. టైరు ఉబ్బదు, శబ్దం రాదు. సైజు అదే కాబట్టి చక్రానికి చక్కగా ఎక్కుతుంది. ట్రైలరు తగిలిస్తే దాని బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ ద్వారా బండి వెనక భాగం మీదకి వస్తుంది. నా ట్రైలరుకి అది 700 నుంచి 1,050 పౌండ్లు. మీద అమ్మ తెచ్చే పచ్చళ్ల బరువు అదనం. పశ్చిమ టెక్సాస్‌లో ఐ-20 హైవే మీద కొంత దూరం స్పీడ్ లిమిట్ గంటకి 80 మైళ్లు. ఆ ఎండలో, ఆ వేగంలో ఆ 500 కిలోల లెక్క తేలుతుంది.

అమ్మేవాడికి సారీ చెప్పి మెసేజ్ పెట్టాను. పాపం అతను అబద్ధమేమీ ఆడలేదు. ఎఫ్-150కి అవి మంచి టైర్లే.

మర్నాడు నాన్నకి ఫోన్ చేసి, "నాన్నా, నాకు కావాల్సింది లోడ్ రేంజ్ ఈ, అంటే పది ప్లై" అన్నాను. "మరి? నా లారీకి పదహారు" అన్నాడు, ఏదో పందెం గెలిచినట్టు. ఆయన నడిపిన రోజుల్లో 10.00-20 సైజు, 16 ప్లై నైలాన్ టైర్లు. ఒకప్పుడు ప్లై అంటే నిజంగానే లోపల ఉన్న గుడ్డ పొరల సంఖ్య. ఇప్పుడు పది ప్లై టైరు కోసి చూస్తే పది పొరలుండవు. పది నూలు పొరలకి సమానమైన బలం అని అర్థం. పేరు మాత్రం గుంటూరులోనూ టెక్సాస్‌లోనూ మిగిలిపోయింది. ఇక్కడ షాపులో "టెన్ ప్లై" అంటే ఇట్టే అర్థమైపోతుంది.

కొనడానికి వెళ్తే ఇంకో ఆశ పుట్టింది. హైవే టైరు, ఆల్ టెర్రెయిన్, మడ్ అని మూడు రకాలు పేర్చి ఉన్నాయి. మడ్ టైర్లు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. బండికి మీసం మెలేసినట్టుంటుంది. కానీ తారు రోడ్డు మీద అవి తేనెటీగల తుట్టెలా మోగుతాయి, డీజిల్ ఎక్కువ తాగుతాయి, వానలో బ్రేకు వేస్తే మామూలు హైవే టైరంత చక్కగా పట్టుకోవు. ఆల్ టెర్రెయిన్ మధ్యరకం. మట్టి రోడ్లు, పొలాలు, మంచు ఉన్నవాళ్లకి అదే సరైనది. నేను వారంలో ఐదు రోజులు ఆఫీసు పార్కింగ్‌కి, ఏడాదిలో నాలుగుసార్లు కంకర వేసిన క్యాంప్ గ్రౌండ్‌కి వెళ్తాను. కాబట్టి హైవే టైర్లే, ఎల్‌టీ, లోడ్ రేంజ్ ఈ. నాలుగూ బిగించి 1,100 డాలర్లయింది. ఆ బిల్లు చూసిన మా ఆవిడ మొహం గురించి ఇక్కడ రాయను.

కథ ఇక్కడితో అయిపోతుందనుకున్నా. షాపు నుంచి బయటికొచ్చిన పది నిమిషాలకి డ్యాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగింది. టైరు గాలి హెచ్చరిక. షాపుకి ఫోన్ చేస్తే, "కొత్త టైర్లు కదా, సెన్సర్లు సర్దుకోవడానికి రెండు రోజులు పడుతుంది" అన్నారు. నేనూ నమ్మాను. మన కోడ్ కూడా అలాగే కదా, రీస్టార్ట్ చేస్తే సర్దుకుంటుంది అంటూ ఉంటాం.

రాత్రి నాన్న, "గాలి ఎంత కొట్టారు?" అన్నాడు. 15 డాలర్ల గేజ్ తీసుకుని వెళ్లి చూశాను. నాలుగింటిలోనూ 45 పీఎస్‌ఐ. స్టిక్కర్ మీద ముందు 60, వెనక 70 అని ఉంది. రోజూ కార్లకి 35 కొట్టే చెయ్యి, ట్రక్కు కదా అని ఇంకో పది కలిపి వదిలేసింది.

"గాలిరా మోసేది. రబ్బరు కాదు" అన్నాడు నాన్న.

వినడానికి సామెతలా ఉంది కానీ అక్షరాలా నిజం. టైరు గోడ మీద రాసిన 1,550 కిలోలు 80 పీఎస్‌ఐ గాలి ఉన్నప్పటి మాట. గాలి తగ్గిన కొద్దీ మోసే బరువూ తగ్గుతుంది, దీనికి కంపెనీలు పట్టికలు వేస్తాయి. 45 దగ్గర నా కొత్త పది ప్లై టైర్లు వదిలేసిన ఆ 400 డాలర్ల టైర్ల దగ్గరికే వచ్చేస్తాయి. 1,100 పెట్టి కొన్నదంతా గాలిలో పోయినట్టే. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకీ గోడ దగ్గర ఒంగి లేస్తుంది. ఒంగినప్పుడల్లా వేడి పుడుతుంది. ఆ వేడికి లోపలి స్టీలు బెల్టుల మీద అతికిన రబ్బరు పట్టు వదులుతుంది. చివరికి పై పొర మొత్తం ఊడి వస్తుంది.

నాన్న ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఆ రాత్రి చెప్పాడు. మిర్చి లోడుతో వెళ్తుంటే తుని దాటాక వెనక జంట చక్రాల్లో లోపలి టైరు నెమ్మదిగా గాలి దిగిపోయింది. బయటి టైరు నిండుగా ఉంది కాబట్టి చూసినవాళ్లకి తెలియలేదు. ఇద్దరి బరువు ఒక్కటే మోసింది. టీ కోసం ఆపినప్పుడు క్లీనర్ కుర్రాడు రాడ్డుతో టైరు తట్టడానికి పక్కకి వెళ్లాడు. అప్పుడే అది పేలింది. ప్రాణం పోలేదు, కానీ ఆ కుర్రాడికి ఎడమ చెవి మళ్లీ సరిగ్గా వినపడలేదు. "ఆ పొద్దున బయల్దేరేటప్పుడు నేను తట్టి చూశా. శబ్దం బాగానే ఉందనుకున్నా" అన్నాడు నాన్న. కాసేపు ఫోన్‌లో ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తట్టి చూస్తే ఖాళీ అయిన టైరు దొరుకుతుంది, సగం దిగినది దొరకదు. దానికి గేజే కావాలి.

నేను రీసెట్ అయ్యేదాకా చూద్దాం అనుకున్న ఆ పసుపు లైటు వెనక కూడా ఒక చరిత్ర ఉంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకి వేసినవి. పరుగులో పై పొర ఊడి, బండ్లు పల్టీలు కొట్టి, అమెరికాలోనే 200 మందికి పైగా చనిపోయారు. ఫోర్డ్ ఆ టైర్లకి 26 పీఎస్‌ఐ చాలని చెప్పింది, 30 ఉండాలని ఫైర్‌స్టోన్ అంది. తప్పు నీదంటే నీదని రెండు కంపెనీలూ పోట్లాడుకున్నాయి. అదే ఏడాది చివర్లో వచ్చిన చట్టం వల్ల ఇక్కడి కొత్త బండ్లకి ఈ హెచ్చరిక లైటు తప్పనిసరి అయింది. చెప్పిన గాలి కంటే 25 శాతం తగ్గితే అది వెలగాలి. అంటే 70 ఉండాల్సిన చోట 52 దాకా వచ్చినా అది నోరు మెదపకపోవచ్చు. అందుకే ట్రైలరు తగిలించే రోజు లైటుని నమ్మను. పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గేజ్ పెట్టి చూస్తాను. పెట్రోల్ బంకు దగ్గర ఉండే గాలి మిషన్లు చాలావరకు 70 దాకా వెళ్లేసరికి ఆయాసపడతాయి కాబట్టి చిన్న కంప్రెసర్ కూడా కొన్నాను.

ట్రైలరు టైర్లు వేరే కథ. వాటి మీద ‘ఎస్‌టీ’ అని ఉంటుంది, వాటిలో చాలావాటికి గంటకి 65 మైళ్లే పరిమితి. బోర్డు మీద 80 అని ఉన్నా నేను 65 దాటను. వెనక హారన్లు కొట్టేవాళ్లు కొట్టుకోవచ్చు.

నిన్న గాలి 60, 70 చేసి, గేజ్ ఫొటోలు నాలుగూ నాన్నకి వాట్సాప్‌లో పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. చాలాసేపు ఏమీ రాలేదు. మెచ్చుకుంటాడేమో అని చూస్తున్నా. తర్వాత ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అయిదోది ఏదిరా? స్టెప్నీ?"

మళ్లీ బండి కిందకి దూరాను. టార్చి వేసి చూస్తే బెడ్ కింద గొలుసుకి వేలాడుతూ, ఒక్కసారి కూడా రోడ్డు ముట్టుకోని స్టెప్నీ. దాని మీద నాలుగంకెలు 0814.