కుట్టని ఈగ.. పుల్లటి తేనె! మాయా మహిళలు కాపాడుకున్నారు, మరి మనం?

తేనె అంటే చిక్కగా, తియ్యగా ఉండాలి. పల్చగా, కాస్త పుల్లగా ఉంటే 'ఇది కల్తీ' అని పక్కన పెట్టేస్తాం. కానీ అచ్చంగా అలాగే ఉండే అసలు తేనె ఒకటుంది. దాన్ని పెట్టేది కుట్టని చిన్న తేనెటీగ. యాదాద్రి భువనగిరి జిల్లా మోత్కూర్ లాంటి ఊళ్లలో పాత మట్టి గోడల పగుళ్లు, చింత, వేప చెట్ల తొర్రలే దాని ఇళ్లు. ఇప్పుడు గోడలు కూలి స్లాబులు లేస్తున్నాయి. రోడ్డు వెడల్పు కోసం పాత చెట్లూ పోతున్నాయి. తేనెతో పాటు ఈగ కూడా పోతే నష్టం ఎవరికి?

అసలేంటీ ఈగ?

శాస్త్రవేత్తలు దీన్ని టెట్రాగోనులా ఇరిడిపెన్నిస్ అంటారు. సైజు బియ్యపు గింజంత కూడా ఉండదు. గోడలోంచి సన్నటి గొట్టం బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తే అదే దాని వాకిలి. మైనం, చెట్ల జిగురు కలిపి కట్టుకుంటుంది. తేనెను బుజ్జి కుండల్లాంటి వాటిలో దాస్తుంది. ముల్లు పేరుకే ఉంటుంది, కుట్టలేదు. గూడు కదిలిస్తే మాత్రం జుట్టులో దూరి కొరుకుతుంది. ఏడాదికి ఒక గూటి నుంచి వచ్చే తేనె కొన్ని వందల గ్రాములే. బాగా వస్తే కిలో.

మెక్సికోలో ఏం జరిగింది?

మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో ఉండే మాయా ఆదివాసులు వేల ఏళ్లుగా ఇలాంటి ఈగనే పెంచుతున్నారు. దాన్ని 'షునాన్ కాబ్' అంటారు. మన మాటల్లో చెప్పాలంటే దొరసాని తేనెటీగ. తొలిచిన చెట్టు దుంగలే దాని గూళ్లు. మాయాల పాత చిత్రలిపి గ్రంథం 'మాడ్రిడ్ కోడెక్స్'లో తేనెటీగల కోసమే కొన్ని పేజీలున్నాయి. వాళ్లకు తేనెటీగల దేవుడు కూడా ఉన్నాడు.

2012లో అక్కడి ప్రభుత్వం జన్యుమార్పిడి సోయా సాగుకు మోన్‌శాంటో కంపెనీకి అనుమతి ఇచ్చింది. అడవులు నరికేస్తారు, కలుపు మందులు కొడతారు, ఇక ఈగలెక్కడ బతుకుతాయని మాయా తేనె రైతులు కోర్టుకెక్కారు. ముందు నిలబడింది లెయ్‌డీ పెచ్ అనే మాయా మహిళ. ఆదివాసులను అడగకుండా సాగు మొదలుపెట్టొద్దని 2015లో సుప్రీంకోర్టు ఆపేసింది. 2017లో అనుమతే రద్దయింది. 2020లో ఆమెకు గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది. వాళ్లు గెలవడానికి పూజ ఒక్కటే సరిపోలేదు. ఆ ఈగ తమ బతుకుదెరువు అని లెక్క చూపించారు.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

నల్లమలలో చెంచులు కొండచరియలకు తాళ్లు కట్టుకుని దిగి పెద్ద తేనెపట్లు తీస్తారు. 2006 అటవీ హక్కుల చట్టం తేనెను చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా పేరుపెట్టి చెప్పింది. గిరిజన సహకార సంస్థ తేనె కొంటుంది. ధర మీద పేచీలు ఎన్ని ఉన్నా, అడవి తేనెకు కనీసం ఓ హక్కు ఉంది, కొనే చెయ్యి ఉంది. ఊళ్లో గోడ పగుల్లో ఉన్న చిన్న ఈగకు ఆ రెండూ లేవు. అది అడవి కాదు, పెట్టె పెట్టి పెంచే తేనె పరిశ్రమా కాదు.

ఆ 20 శాతం దగ్గరే చిక్కు

ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించకూడదు. కుట్టని ఈగ తేనెలో సహజంగానే అంతకంటే ఎక్కువ ఉంటుంది. అంటే చక్కెర పాకం కలపకపోయినా ఈ కొలతలో ఫెయిలే. కఠినమైన పరీక్షలు వద్దని కాదు. 2020లో సీఎస్ఈ సంస్థ 13 బ్రాండ్లకు ఎన్ఎంఆర్ పరీక్ష చేయిస్తే పది నిలబడలేదు. కల్తీని పట్టాల్సిందే. కానీ మేకపాలను బర్రెపాల కొలతతో చూసి నీళ్లు కలిపారంటే ఎలా? మలేసియా ఈ తేనెకు 2017లోనే విడిగా ప్రమాణం రాసుకుంది. పచ్చి తేనెలో 35 శాతం దాకా తేమను ఒప్పుకుంది. కేరళలో వీటిని కొబ్బరి చిప్పల్లో, వెదురు బొంగుల్లో, చెక్క పెట్టెల్లో పెంచుతారు. మామూలు తేనె కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ధరకు అమ్ముతారు.

రైతుకేం లాభం?

ఈ ఈగ గూటి నుంచి కొన్ని వందల మీటర్లు దాటి పెద్దగా వెళ్లదు. కూరగాయల తోట పక్కన గూడుంటే పరాగ సంపర్కం ఆ తోటకే జరుగుతుంది. పత్తి చేనులో పొద్దున పూట మందు కొడితే చచ్చేదీ ఆ చుట్టుపక్కల గూడే. అందుకే మందు తప్పదనుకుంటే సాయంత్రం, ఈగలు గూటికి చేరాక కొట్టాలి. పాత గోడ కూల్చేముందు గొట్టం వాకిలి కనిపిస్తే, తెలిసినవాళ్లతో గూటిని పెట్టెలోకి మార్పించాలి.

ఒక జాగ్రత్త. ఈ తేనె కళ్లకు మంచిదని చుక్కలు వేసుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. డాక్టర్‌ని అడగకుండా ఆ పని చేయొద్దు. తేమ ఎక్కువ కాబట్టి త్వరగా పులుస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి.

కేంద్రం 2020లో జాతీయ తేనె మిషన్‌కు రూ.500 కోట్లు ప్రకటించింది. అందులో మహిళా సంఘాలకు ఈ చిన్న ఈగల పెట్టెలు, శిక్షణ ఇవ్వడం పెద్ద ఖర్చేం కాదు. దాంతో పాటు ఈ తేనెకు సరిపోయే కొలత రావాలి. కొలత లేకుండా పెట్టెలు పంచితే, మన ఆడవాళ్లు తీసిన అసలు తేనె మీద కూడా 'కల్తీ' ముద్రే పడుతుంది.