ఒక అధికారి జీవితం, ఒక నివేదిక, మన బాధ్యత

తన కోసం గొంతెత్తినవారిని ఏ సమాజమైనా గుర్తుంచుకుంటుంది. తన కోసం ఫైళ్ల మధ్య కూర్చుని పనిచేసినవారిని మాత్రం త్వరగా మరచిపోతుంది. పి.ఎస్. కృష్ణన్ ఈ రెండవ కోవకు చెందినవారు. 2019 నవంబరు 10న, 86 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. తెలుగు ముస్లిం కుటుంబాలు ఆయనకు ఎంతగా రుణపడి ఉన్నాయో గుర్తు చేయడం మా ధర్మమని భావిస్తున్నాము.

కేరళలో పుట్టిన కృష్ణన్ 1956లో ఐఏఎస్‌లో చేరి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చారు. దళితవాడల్లోనే మకాం వేసి, భూమిలేనివారికి పట్టాలిచ్చే పని చేపట్టారు. బలహీనుల పక్షం వహిస్తున్నారని, గ్రామాధికారుల మాటకన్నా గ్రామస్థుల మాట నమ్ముతున్నారని పైఅధికారులు ఆయన రహస్య నివేదికలో ఆక్షేపణగా రాశారు. అటువంటి అధికారి ఉద్యోగ జీవితంలో ఎదురయ్యే ఒత్తిళ్లను కుటుంబం కూడా పంచుకోక తప్పదు. అయినా ఆయన దారి మార్చుకోలేదు. షెడ్యూల్డు కులాల ప్రత్యేక ప్రణాళిక, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం, 1990లో మండల్ సిఫారసుల అమలు, వీటన్నిటి వెనుకా ఆయన కృషి ఉంది.

ఉద్యోగ విరమణ తరువాత 17 ఏళ్లకు మన వంతు వచ్చింది. ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ కల్పించేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2004లోను, 2005లోను చేసిన ప్రయత్నాలను హైకోర్టు కొట్టివేసింది. ఆ దశలో, 2007లో, ముస్లింలలో వెనుకబడిన వర్గాలను గుర్తించే పనిని ప్రభుత్వం కృష్ణన్‌కు అప్పగించింది. మతం పేరు మీద రిజర్వేషన్ నిలవదని ఆయనకు తెలుసు. అందుకే వృత్తినీ, ఆ వృత్తి కారణంగా మీద పడిన చిన్నచూపునూ ఆధారం చేసుకున్నారు. అత్తరు సాయిబులు, ధోబీలు, ఫకీర్లు, గారడీ సాయిబులు, హజ్జాములు, ఖురేషీలు, తురక కాశలు, ఇలా 14 వర్గాలు జాబితాకెక్కాయి. సయ్యద్, మొఘల్, పఠాన్ తదితరులను మినహాయించారు. విద్య, ఉద్యోగాల్లో 4 శాతంతో బీసీ-ఇ విభాగం ఏర్పడింది.

ఆ జాబితా మన ముందు ఒక అద్దం పెట్టింది. సమానత్వం మన విశ్వాసానికి మూలం. అయినా క్షౌరం చేసేవాని ఇంటికి, అత్తరు మూట మోసేవాని ఇంటికి పెళ్లి సంబంధం వెళ్లేవేళ మన వీధుల్లో వినిపించే మాటలు అందరికీ తెలిసినవే. మసీదు వరుసలో భుజం భుజం కలిపి నిలిచినవారు బయట ఒకరినొకరు తక్కువగా చూస్తున్నంత కాలం, ఆ వివక్షకు పరిహారం కోరడం న్యాయమే. దీనిని సమాజంలో చీలికగా చూడడం సరికాదని మా అభిప్రాయం.

2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఈ చట్టాన్నీ కొట్టివేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల 14 వర్గాలకు ఈ సౌకర్యం కొనసాగుతోంది, వ్యాజ్యం రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా 4 శాతం రద్దు చేస్తామని కొందరు, పెంచుతామని కొందరు చెబుతారు. న్యాయస్థానంలో నిలబడేది నినాదం కాదు, వెనుకబాటుతనానికి రుజువు.

ఆ రుజువును తాజాగా ఉంచడం మన పని. ప్రతి పట్టణంలో, ప్రతి జమాత్‌లో మన వృత్తి కుటుంబాల చదువు, సంపాదన, ఇంటి స్థితి నమోదు కావాలి. బడి మానిన పిల్లల లెక్క తెలియాలి. కార్యకర్తలు, విద్యావంతులు ఇందుకు సమయం కేటాయించాలి. బీసీ-ఇ ధ్రువపత్రంతో కళాశాలలో చేరే ప్రతి బిడ్డకూ ఆ అక్షరం వెనుక ఉన్న శ్రమను పెద్దలు ఇంట్లో చెప్పాలి. తనకు సంబంధం లేని వీధుల వారి కోసం 75వ ఏటికి చేరువలో ఉండి కూడా పనిచేసిన మనిషికి అంతకు మించిన నివాళి ఉండదు.